కొండ గెలిచినోడు కాగితం మీద ఓడిండు

సర్కారు నౌకరి చేసిన ప్రతి ఒక్కరికీ ఒక ముచ్చట తెలుసు. మనిషి చేసిన పని వేరు, ఆ మనిషి గురించి ఆఫీసులో రాసిపెట్టిన కాగితం వేరు. ముప్పై ఏళ్లు ఒళ్లు వంచి పని చేసినా సరే, సర్వీసు రిజిస్టర్‌లో ఒక తప్పుడు తేదీ పడితే చాలు, కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో పై అధికారి కోపంతో గీకిన ఒక్క వాక్యం ఉంటే చాలు. ప్రమోషన్ పోతుంది, పింఛను తగ్గుతుంది, చివరికి పేరు కూడా పోతుంది. ఇది మనం తాలూకా ఆఫీసుల్లో, జిల్లా పరిషత్తుల్లో చూసిన బాధ. 1985 డిసెంబర్‌లో వచ్చిన 610 జీవో కథంతా స్థానికుడెవరు, స్థానికేతరుడెవరు అని సర్వీసు రికార్డులు తేల్చుకునే కథే కదా. కాగితం మీద ఏం రాసి ఉందన్నదానికి ఎంత బలం ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే సైన్యంలో అట్లా ఉండదని మనలో చాలామంది అనుకుంటారు. అక్కడ క్రమశిక్షణ ఉంటుంది, తుపాకీ ముందు నిలబడ్డవాడిని కాగితం మోసం చేయదు అనుకుంటారు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో చెప్పడానికి ఒక బ్రిగేడియర్ కథ చాలు.

బటాలిక్ కొండల మీద జరిగిందేమిటి?

1999 మే నుంచి జూలై దాకా కార్గిల్ యుద్ధం నడిచింది. హైదరాబాదు బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య ద్రాస్ సెక్టార్‌లో ఆ ఏడు జూన్ 28న ప్రాణమిచ్చి మహావీర చక్ర పొందిన యుద్ధం అది. అదే యుద్ధంలో పక్కనున్న బటాలిక్ సెక్టార్‌లో 70వ ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్‌కు కమాండర్ బ్రిగేడియర్ దేవిందర్ సింగ్. జూబార్, ఖలూబార్ శిఖరాలు తిరిగి మన చేతికి వచ్చింది ఆ సెక్టార్‌లోనే. కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే ఖలూబార్ మీద అమరుడై పరమవీర చక్ర పొందిందీ అక్కడే. ఊపిరి ఆడని ఎత్తులో, పైనుంచి గుండ్లు కురుస్తుంటే కిందినుంచి ఎక్కి గెలిచిన లడాయి అది.

యుద్ధం ముగిసింది. దేశమంతా సంబురం చేసుకున్నది. ఆ తర్వాత కాగితాల లడాయి మొదలైంది. శ్రీనగర్‌లోని 15వ కోర్‌కు అప్పుడు కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ కిషన్ పాల్. యుద్ధం తర్వాత తయారైన నివేదికలో బటాలిక్ లడాయిలో బ్రిగేడ్ కమాండర్ పాత్రను తగ్గించి చూపారు. ఆయన నడిపిన పోరాటాల ఘనత ఇంకొక అధికారి ఖాతాలో పడింది. వార్షిక రహస్య నివేదికలో కోర్ కమాండర్ వేసిన అంచనా కూడా ఆయనను కిందికి గుంజింది. చొరబాటుదారుల సంఖ్య గురించి, వాళ్లు వచ్చే దారుల గురించి తాను ముందే హెచ్చరించాననీ, పైవాళ్లు దాన్ని పట్టించుకోలేదనీ బ్రిగేడియర్ వాదన. ముందే హెచ్చరించినవాడి మాట దస్త్రంలో నిలిస్తే, వినకుండా కూర్చున్నవాడి తప్పు కూడా దస్త్రంలో నిలుస్తుంది. ఇక్కడే ఉంది అసలు మతలబు.

ఫలితం ఏమిటి? యుద్ధంలో సెక్టార్ గెలిచిన బ్రిగేడ్ కమాండర్ మేజర్ జనరల్ కాలేదు. బ్రిగేడియర్‌గానే రిటైరయ్యారు. న్యాయం కోసం కోర్టు మెట్లెక్కారు. 2010 మే నెలలో ఢిల్లీలోని సాయుధ దళాల ట్రిబ్యునల్ ప్రధాన బెంచి, జస్టిస్ ఎ.కె. మాథుర్ ఆధ్వర్యంలో, తీర్పు చెప్పింది. కోర్ కమాండర్ అంచనాలో పక్షపాతం ఉన్నదని తేల్చింది. ఆ అంచనాను రహస్య నివేదిక నుంచి తీసేయమన్నది. బటాలిక్ లడాయి గురించి రాసిపెట్టిన కథనాన్ని సరిదిద్దమన్నది. మేజర్ జనరల్‌గా నోషనల్ ప్రమోషన్‌కు ఆయన పేరు పరిశీలించమన్నది.

నోషనల్ అంటే ఏమిటో మన ఉద్యోగ మిత్రులకు విడమరిచి చెప్పనవసరం లేదు. కాగితం మీద హోదా, చేతికి మాత్రం కమాండ్ రాదు. డివిజన్ నడపాల్సిన వయసులో మనిషి కోర్టు వరండాలో నిలబడ్డడు. ఆ ఏళ్లను ఏ తీర్పూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు. పైగా "పరిశీలించండి" అన్నారే గానీ "ఇవ్వండి" అనలేదు. యుద్ధం మూడు నెలల్లో ముగిసింది. యుద్ధంలో ఎవరు ఏం చేశారన్న కాగితం సరిదిద్దమని చెప్పించుకోవడానికి పదకొండేళ్లు పట్టింది. ఇది మామూలు గుమాస్తా పొరపాటా? కాదు. రాసే అధికారం ఉన్నవాడికి, రాయించుకునేవాడికి మధ్య ఉన్న దూరం అది.

రాసేది ఎవరు, చూసేది ఎవరు?

సైన్యంలో అధికారి రహస్య నివేదిక మూడు చేతులు మారుతుంది. మొదట దగ్గరి పై అధికారి రాస్తాడు. ఆయన పైవాడు సమీక్షిస్తాడు. ఆ పైవాడు మళ్లీ సమీక్షిస్తాడు. మొదటి చేయి రాసింది అధికారికి చూపిస్తారు. ఆ పై రెండు చేతులు రాసినవి, మరీ ప్రతికూలమైన మాటలుంటే తప్ప, చూపించరు. ప్రమోషన్ బోర్డు ముందుకు పోయేది మాత్రం ఆ మూడూ కలిసిన దస్త్రం. అంటే తన బతుకును తేల్చే రాతలో కొంత భాగం మనిషికి కనిపించదు. కనిపించనిదాన్ని సరిదిద్దమని ఎట్లా అడుగుతాడు?

ఇదే ప్రశ్న సివిల్ ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు 2008లో దేవ్ దత్ కేసులో తేల్చింది. ఆయన బోర్డర్ రోడ్స్ ఉద్యోగి. ఒక సంవత్సరం ఆయనకు "గుడ్" అని రాశారు. వినడానికి మంచి మాటే. కానీ ప్రమోషన్‌కు "వెరీ గుడ్" ఉండాలి. ఆ "గుడ్" అనే మాటే ఆయన నోట్లో మన్ను కొట్టింది, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. మంచిదైనా చెడ్డదైనా నివేదికలోని ప్రతి అంచనా ఉద్యోగికి తెలియజేయాలని కోర్టు చెప్పింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని ఖాయం చేసింది. ఇవాళ సచివాలయంలోని ఉద్యోగి తన నివేదిక చూసి అభ్యంతరం చెప్పుకోగలుగుతున్నాడంటే ఈ తీర్పుల పుణ్యమే.

కానీ దేవ్ దత్ తీర్పులోనే ఒక మాట ఉంది. ఈ ఆదేశం సైనిక అధికారులకు వర్తించదు. వాళ్ల పరిస్థితి వేరని కోర్టు పక్కన పెట్టింది. అంటే డెస్కు ముందు కూర్చున్నవాడికి ఉన్న హక్కు కొండ మీద నిలబడ్డవాడికి లేదు. దేశభక్తి గురించి పొద్దున లేస్తే ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి.

చూపించకుండా రాసిన కాగితం ఎంత అధ్వాన్నంగా ఉంటుందో 2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో మళ్లీ బయటపడింది. మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సైన్యం సరేనని వాళ్ల పాత రహస్య నివేదికలు ముందేసుకుని లెక్క కట్టింది. ఆ నివేదికలు రాసిన కాలంలో ఆడవాళ్లకు పర్మనెంట్ కమిషన్ అనేదే లేదు. ఎట్లాగూ వెళ్లిపోయేవాళ్లే కదా అని రాసినవాళ్లు శ్రద్ధ పెట్టలేదు. అట్లా రాసిన కాగితంతో ఇప్పుడు వాళ్ల భవిష్యత్తు తేల్చడం వివక్షేనని జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా బెంచి చెప్పింది. అజాగ్రత్తగా రాసిన రికార్డు కూడా అన్యాయమే అని గుర్తించిన తీర్పు అది.

ఒకే మనిషి, రెండు పుట్టిన తేదీలు

బ్రిగేడియర్ సంగతి సరే, పెద్ద పదవిలో ఉన్నవాళ్లకైనా రికార్డు దారికి వస్తుందా? సైన్యాధిపతికే రాలేదు.

జనరల్ వి.కె. సింగ్ 2010 మార్చి 31న సైన్యాధిపతి అయ్యారు. ఆయన పుట్టిన తేదీ అడ్జుటెంట్ జనరల్ శాఖ దస్త్రంలో 1951 మే 10. మిలటరీ సెక్రటరీ శాఖ దస్త్రంలో 1950 మే 10. ఒకే సైన్యం, ఒకే మనిషి, రెండు శాఖలు, రెండు పుట్టిన తేదీలు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో 1951 ఉంది. 1960లలో ఎన్.డి.ఎ.లో చేరడానికి నింపిన దరఖాస్తులో 1950 పడింది. ఆ ఫారం నింపింది బడిలో వాళ్లనీ, తాను అప్పుడు చిన్న పిల్లగాడినేననీ ఆయన చెప్పుకున్నారు.

మన ఊళ్లలో ఇది కొత్త ముచ్చటా? బడిలో చేర్చేనాడు తండ్రి "కరువొచ్చిన ఏడు పుట్టిండు సారూ" అంటే, సారు ఒక వేలు తగ్గించో పెంచో జూన్ ఒకటో, జూలై ఒకటో రాసిన పుట్టిన తేదీలు మనలో ఎంతమందికి లేవు? బడి రికార్డు నుంచి పదో తరగతి మెమోకు, మెమో నుంచి సర్వీసు రిజిస్టర్‌కు ఆ సారు రాసిన తేదే నడిచి వస్తుంది. రాష్ట్ర ఉద్యోగులకు 1984 నాటి నిబంధనలు ఆ తేదీని తిరిగి మార్చే దారి దాదాపు మూసేశాయి. కేంద్ర ఉద్యోగులు చేరిన ఐదేళ్లలోపే అడగాలని 1993లో హర్నామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిటైరయ్యే ముందు వయసు తగ్గించుకునే దొంగ అర్జీలను ఆపడానికే ఈ నిబంధన అన్నది నిజమే. దాన్ని మేం తప్పు పట్టడం లేదు.

జనరల్ విషయంలో సర్కారు 2011 డిసెంబర్ 30న ఆయన ఫిర్యాదును తోసిపుచ్చింది. 2012 జనవరిలో ఆయన సుప్రీంకోర్టుకు పోయారు. పదవిలో ఉన్న సైన్యాధిపతి సర్కారు మీద కోర్టుకెక్కడం దేశంలో అదే మొదలు. ఫిబ్రవరి 10న జస్టిస్ ఆర్.ఎం. లోధా, జస్టిస్ హెచ్.ఎల్. గోఖలే బెంచి ముందు రెండు సంగతులు జరిగాయి. డిసెంబర్ 30 ఉత్తర్వు ఇచ్చిన తీరును కోర్టు తప్పుపడితే సర్కారు దాన్ని వెనక్కి తీసుకున్నది. ఆ వెంటనే కోర్టు జనరల్‌ను కూడా అడిగింది. మీరు ఫలానా రోజు పుట్టారా లేదా అన్నది మా ముందున్న ప్రశ్న కాదు, సర్వీసు రికార్డులో ఏది ఒప్పుకున్నారన్నదే ప్రశ్న అన్నది. 2008, 2009లలో ప్రమోషన్ల సమయంలో 1950 తేదీని ఒప్పుకుంటున్నట్టు ఆయన రాసిచ్చిన ఉత్తరాలు అడ్డం వచ్చాయి. ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. 2012 మే 31న రిటైరయ్యారు.

ఇందులో జనరల్‌ది న్యాయమా, సర్కారుది న్యాయమా అన్న పంచాయితీలోకి మేం పోవడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. రెండు శాఖల్లో రెండు తేదీలు దశాబ్దాల తరబడి ఉంటే సైన్యం ఎందుకు కళ్లు మూసుకున్నది? ఆయన లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడే ఒక్క గుమాస్తా రెండు దస్త్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే పోయేది. ఆనాడు పది నిమిషాల పని, ఆఖరికి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వచ్చింది. ఇంకో పాఠం కూడా ఉంది. "ఇప్పటికి సంతకం పెట్టండి, తర్వాత చూద్దాం" అని పైవాళ్లు అన్నప్పుడు పెట్టిన సంతకం మన మెడకే చుట్టుకుంటుంది. ఉద్యోగ మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జవాను ఇంట్లో ఏం జరుగుతున్నది?

బ్రిగేడియర్లు, జనరళ్లు వకీళ్లను పెట్టుకోగలరు. పత్రికలు వాళ్ల గురించి రాస్తాయి. కరీంనగర్ పల్లెలోనో, శ్రీకాకుళం పల్లెలోనో ఉన్న మాజీ జవాను సంగతేమిటి?

మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు వెనక వస్తుంది. సైన్యం రికార్డు రాసిన ఉత్తరాది గుమాస్తాకు అది తెలియదు. పేరు సగం రాస్తాడు, ఇంటిపేరు వదిలేస్తాడు, ఉన్న పేరును తనకు వినిపించినట్టు రాస్తాడు. భార్య ఊళ్లో లచ్చమ్మ. సైన్యం కాగితంలో లక్ష్మి. ఆధార్‌లో లక్ష్మమ్మ. మనిషి బతికున్నన్నాళ్లు ఎవరికీ పట్టదు. ఆయన కన్నుమూసిన తర్వాత ఫ్యామిలీ పింఛనుకు ఆమె అర్జీ పెట్టుకుంటే అప్పుడు లేస్తుంది ప్రశ్న. నువ్వే లక్ష్మివని రుజువేమిటి? పెండ్లయిన సంగతి, పిల్లలు పుట్టిన సంగతి యూనిట్‌లో పార్ట్-టూ ఆర్డర్‌గా ఎక్కాలి. ఎక్కకపోతే సైన్యం లెక్కలో ఆ పెండ్లి జరగనట్టే, ఆ పిల్ల పుట్టనట్టే. ముసలితనంలో ఆ తల్లి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, తహసీల్దార్ ఆఫీసుకు, నోటరీ దగ్గరికి తిరిగే గోస ఏ చరిత్ర పుస్తకంలో ఎక్కుతుంది?

జబ్బుతో ఇంటికి పంపిన జవాన్ల కథ మరొకటి. మెడికల్ బోర్డు కాగితంలో ఆ జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని ఒక్క ముక్క రాస్తే వికలాంగ పింఛను పోతుంది. చేరిన రోజు జబ్బు ఉన్నట్టు రికార్డులో లేకపోతే, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనే భావించాలని, కాదని రుజువు చేయాల్సిన బాధ్యత సర్కారుదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చింది. అయినా అదే ముక్కను పట్టుకుని సర్కారే మాజీ సైనికుల మీద అప్పీళ్ల మీద అప్పీళ్లు వేస్తూ వచ్చింది.

2021లో రక్షణ శాఖ స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతి తెచ్చి పింఛన్లను అందులోకి మార్చింది. మంచిదే. కానీ పాత కాగితంలోని తప్పు కంప్యూటర్‌లోకి ఎక్కినంత మాత్రాన ఒప్పయిపోదు. ఇదివరకు బ్యాంకు మేనేజర్ ముఖం చూసి పింఛను ఇచ్చేవాడు. కంప్యూటర్‌కు ముఖం తెలియదు. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే అది ఆగుతుంది. పైగా పింఛను రాని మాజీ సైనికుల సర్వీసు దస్త్రాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేసే నిబంధన ఉంది. అంటే సైన్యమే కాగితం చింపేస్తుంది, ఆ తర్వాత కాగితం తెమ్మంటుంది.

సికింద్రాబాద్‌లోనే ఇ.ఎం.ఇ. రికార్డ్స్, ఎ.ఓ.సి. రికార్డ్స్ ఉన్నాయి. దేశం నలుమూలల జవాన్ల బతుకులు తిరుమలగిరి చుట్టుపక్కల ఆ గోడల వెనక బీరువాల్లో ఉన్నాయి. ఆ దారిన రోజూ బస్సులో పోయే మనకు, లోపల ఒక అక్షరం అటుఇటైతే ఎక్కడో బీహార్‌లో ఒక ముసలమ్మ పొయ్యి ఆరిపోతుందన్న సంగతి తట్టదు.

క్రమశిక్షణ పేరు మీద

సైన్యం తరఫున ఒక వాదన ఉంది. దాన్ని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కమాండర్ రాసిన ప్రతి ముక్కా కిందివాడికి చూపిస్తే, ఎవరూ నిజం రాయరంటారు. అందరికీ మంచి మార్కులే వేస్తారు, అప్పుడు మంచి అధికారిని, మామూలు అధికారిని విడదీయడం కుదరదంటారు. యుద్ధంలో ఆజ్ఞ ఇచ్చినవాడు రేపు కోర్టుకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుందన్న భయంతో ఉంటే లడాయి నడవదంటారు.

ఇందులో కొంత నిజం ఉంది. కానీ బటాలిక్‌లో జరిగింది చూడండి. రహస్యం వల్ల నిజం బయటికి వచ్చిందా, దాక్కున్నదా? ముందే హెచ్చరించిన మనిషి వెనకబడితే రేపటి బ్రిగేడియర్ ఏం నేర్చుకుంటాడు? పైవాడికి ఇష్టం లేని మాట చెప్పకూడదని నేర్చుకుంటాడు. ఆ మౌనం ఖరీదు తర్వాతి యుద్ధంలో జవాన్లు చెల్లిస్తారు. తప్పుడు రికార్డు ఒక్క అధికారి ప్రమోషన్ సమస్య మాత్రమే కాదని మేం అనేది అందుకే.

ప్రపంచంలో అతి పెద్ద సైన్యాలున్న దేశాలు ఏం చేశాయి? అమెరికా రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, సైనిక రికార్డుల్లోని తప్పులను దిద్దడానికీ, అన్యాయాలను తొలగించడానికీ చట్టం తెచ్చింది. ఒక్కో దళానికి ఒక్కో బోర్డు ఉంది. వాటిలో కూర్చునేది యూనిఫారం వేసినవాళ్లు కాదు, సివిలియన్లు. రిటైరైనవాళ్లు, చనిపోయినవాళ్ల వారసులు కూడా అర్జీ పెట్టుకోవచ్చు. మూడేళ్ల గడువున్నా న్యాయం కోసమైతే దాన్ని సడలిస్తారు. ఆ బోర్డుల మీదా విమర్శలున్నాయి. కానీ కనీసం తలుపు తట్టడానికి ఒక ఇల్లంటూ ఉంది.

ఫ్రాన్స్‌లో కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రేఫస్‌ను 1894లో దేశద్రోహి అని దొంగ కాగితాలతో శిక్షించారు. 1906లో నిర్దోషి అని తేలింది. కానీ జైలులో, డెవిల్స్ దీవిలో పోయిన ఏళ్లను సర్వీసులో కలపలేదు. రావాల్సిన హోదా రాలేదని ఆయన 1907లో రిటైరయ్యారు. 1935లో చనిపోయారు. 2025లో ఫ్రెంచి పార్లమెంటు చట్టం చేసి ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది. మనిషి పోయిన తొంభై ఏళ్లకు! ఆలస్యమైనా చేశారని మెచ్చుకోవాలా, అంత ఆలస్యమైందని సిగ్గుపడాలా? రెండూ చేయాలి.

మేం అడిగేది ఏమిటి?

మన దగ్గర దారులు లేవని కాదు. 1950 నాటి ఆర్మీ చట్టం కింద అధికారి కేంద్ర సర్కారుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. 2007 చట్టం వల్ల 2009 నుంచి సాయుధ దళాల ట్రిబ్యునల్ పని చేస్తున్నది. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు పోయే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2023 మార్చిలో పరుషోత్తం దాస్ కేసులో స్పష్టం చేసింది. కానీ ఈ దారులన్నీ లడాయి దారులే. తప్పు దిద్దుకోవడానికి మనిషి తన సైన్యంతోనే వ్యాజ్యం ఆడాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మాజీ సైనికుల కేసులు చెన్నై బెంచి పరిధిలో ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి ఒక మాజీ హవల్దార్ తన భార్య పేరులో అక్షరం కోసం చెన్నై దాకా పోవాలా?

అందుకే మేం అడుగుతున్నాం. రహస్య నివేదికలోని అన్ని అంచనాలనూ అధికారికి చూపించాలి. నౌకరిలో ఉన్నప్పుడు చూపడం కుదరదంటే, కనీసం రిటైరైన రోజు దస్త్రం నకలు మొత్తం చేతిలో పెట్టాలి. ఫిర్యాదుకు గడువు పెట్టి, గడువులోపల కారణాలతో జవాబివ్వాలి. తప్పని తేలితే ఒక్క చోట కొట్టివేసి చేతులు దులుపుకోకుండా, ఆ తప్పు ఎక్కడెక్కడికి పాకిందో అక్కడంతా దిద్దాలి. నివేదికలో దిద్దాలి, పింఛనులో దిద్దాలి, యుద్ధ చరిత్రలో కూడా దిద్దాలి. అక్షరాల తప్పులు, తేదీల తప్పులు దిద్దే పనిని కోర్టులకు వదలకుండా, బయటివాళ్లు కూర్చునే ఒక బోర్డుకు అప్పగించాలి. ఆ బోర్డు మనిషి దగ్గరికి రావాలి గానీ మనిషి దాని చుట్టూ తిరగకూడదు.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మీ ఇంట్లో, మీ వాడలో మాజీ సైనికుడుంటే ఇవాళే డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు, ఆధార్ కార్డు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు, పిల్లల పేర్లు ఒక్కటొక్కటే సరిచూడండి. తేడా ఉంటే ఆయన బతికుండగానే అర్జీ పెట్టించండి. చదువుకున్న విద్యార్థులు ఊళ్లో ఒక ఆదివారం ఈ పని పెట్టుకుంటే ఎన్నో కుటుంబాలు గోస తప్పించుకుంటాయి. ఉద్యోగ మిత్రులు తమ సర్వీసు రిజిస్టర్‌ను కూడా ఏడాదికోసారి తెరిచి చూసుకోవాలి. కనిపించిన తప్పు మీద ఆ రోజే రాతపూర్వకంగా అడగాలి. అడిగినట్టు రసీదు తీసుకోవాలి.

బటాలిక్ కొండ మీద గెలిచిన బ్రిగేడ్ కమాండర్‌కు తన గెలుపు తనదేనని చెప్పించుకోవడానికి పదకొండేళ్లు పట్టింది. ఆయనకు చదువుంది, హోదా ఉంది, వకీళ్లున్నారు. ఇవేవీ లేనివాళ్ల కాగితాలు ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి. వాటిని తెరిపించే పని మనదే.